బండారులంకలో నేయించిన సన్మాన కండువాలు: కళాశాలలకు పనికొచ్చే సమీక్ష

ఈ ఫిబ్రవరిలో మా డిగ్రీ కళాశాలలో జరిగిన సభ కోసం, అమలాపురం పక్కనే ఉన్న బండారులంకలో ఒక నేత కుటుంబం చేత విద్యార్థులకు కండువాలు నేయించాం. ఎక్కడ నేయించారు, ఎంతయింది అని మిగతా కళాశాలల అధ్యాపకులు ఇప్పటికీ ఫోను చేసి అడుగుతున్నారు. అందుకే ఇది రాస్తున్నాను.

అసలు కండువాలు ఎందుకంటే, అమెరికాలో ఫిబ్రవరి నల్లజాతి చరిత్ర మాసం. మా సభ దాన్ని పురస్కరించుకుని జరిగిందే. దీనికి 1926లో ఒక వారం ఉత్సవంగా నాంది పలికినవాడు కార్టర్ జి. వుడ్సన్. బానిసలుగా బతికి విముక్తి పొందిన తల్లిదండ్రుల కొడుకు. బొగ్గు గనుల్లో పనిచేసి, దాదాపు ఇరవై ఏళ్ల వయసులో హైస్కూల్లో చేరి, 1912లో హార్వర్డ్ నుంచి డాక్టరేట్ పొందాడు. ఆ వారాన్ని నెలగా మార్చింది ప్రభుత్వం కాదు. ఒహాయోలోని కెంట్ స్టేట్ విశ్వవిద్యాలయంలో నల్లజాతి విద్యార్థులూ అధ్యాపకులూ పట్టుబట్టి 1970లో మొదటిసారి నెలంతా జరిపారు. దేశాధ్యక్షుడు దాన్ని గుర్తించింది 1976లో. ఈ వరుస మా చరిత్ర విభాగం పిల్లలకు ఎంతో నచ్చింది. ప్రదర్శన పటాలన్నీ వాళ్లే తయారు చేశారు. 1960 ఫిబ్రవరి 1న అమెరికాలోని గ్రీన్స్‌బరోలో నలుగురు నల్లజాతి విద్యార్థులు తెల్లవాళ్లకు మాత్రమే వడ్డించే బల్ల దగ్గర కూర్చుని కదలని ఘట్టం ముందు అందరికంటే ఎక్కువమంది ఆగారు. టీ కొట్లలో దళితులకు వేరే గ్లాసు పెట్టే రెండు గ్లాసుల పద్ధతి గురించి ఇళ్లలో వింటూ పెరిగిన పిల్లలకు ఆ పటాన్ని ఎవరూ వివరించనక్కర్లేదు. అంబేడ్కర్ 1946లో అమెరికా నల్లజాతి మేధావి డబ్ల్యూ.ఇ.బి. డుబాయిస్‌కు ఉత్తరం రాశారని, ఆయన జవాబిచ్చారని తెలిపే పటం మరొకటి. అంబేడ్కర్ పేరు పెట్టుకున్న జిల్లాలో చదువుతున్న పిల్లలకు ఈ సంగతి ముందే తెలిసి ఉండాల్సింది.

అమెరికాలో నల్లజాతి విద్యార్థులు పట్టా పుచ్చుకునే రోజున భుజాల మీద కెంటే పట్టీలు వేసుకుంటారు. కెంటే ఘనాలో అసాంటే, ఎవే ప్రజల నేత. కుమాసీ దగ్గరి బోన్‌విరే గ్రామం దానికి పెట్టింది పేరు. నాలుగంగుళాల వెడల్పున పొడవైన పట్టీలుగా నేసి, వాటిని పక్కపక్కన చేర్చి కుడతారు. మన పిల్లల విజయాలకూ అలాంటి గౌరవం దక్కాలని అనుకున్నాం. అంగట్లో దొరికే అచ్చు వేసిన పాలిస్టర్ నకలు తెచ్చి వేయడానికి నాకు మనసొప్పలేదు. ఒకరి మగ్గం మీద పుట్టిన గౌరవాన్ని మన మగ్గం మీదనే పలకరించాలి.

సంక్రాంతి వెళ్ళాక బండారులంక వెళ్ళి, గుంట మగ్గం (నేలలో తవ్విన గుంటలో కాళ్లు పెట్టి నేసేది) మీద పనిచేసే ఒక పెద్దాయనకు ఫోనులో కెంటే చిత్రం చూపించాను. ఆయన వేలితో చిత్రాన్ని పెద్దది చేసి చాలాసేపు చూశారు. "పడుగు కనపడకుండా పేకతో కప్పేశారండీ ఇక్కడ. మళ్ళీ ఈ గడి దగ్గర పడుగే పైకి తేలింది. మామూలు నేత కాదమ్మా ఇది," అన్నారు. పడుగు అంటే నిలువు పోగులు, పేక అంటే అడ్డం పోగులు. నేనేమీ చెప్పకముందే నేత రహస్యం ఆయనకు అందింది. చీర వెడల్పున నేసి కత్తిరిస్తే అంచులు పీచులు లేస్తాయని, మగ్గం నడుమ అయిదంగుళాల మేరకే పడుగు ఎక్కించారు. అందువల్ల ప్రతి కండువాకూ రెండు వైపులా నేసిన అంచే ఉంది. రంగు గడులు వచ్చేచోట పేకకు నూలు పోగులు కొన్ని కలిపి కండెకు చుట్టారు. వాటి మీద వేలు పెట్టి చూస్తే కాస్త ఉబ్బెత్తుగా తగులుతాయి. పసుపు, ఆకుపచ్చ, నలుపు కెంటేవి. అంచున సన్నని గళ్ళు మాత్రం బండారులంకవే. కెంటే నమూనాను యథాతథంగా దించవద్దని నేనే కోరాను.

నేత నాణ్యతకు వంక పెట్టడానికి లేదు. నలుపు రంగు దిగలేదు. ఉప్పునీళ్లలో ఒకసారి నానబెట్టి నీడన ఆరేయమన్నారు, అలాగే చేశాం. కొసల కుచ్చులు ఆ ఇంటి ఆడవాళ్లు చేత్తో ముడివేశారు. ఒక్కొక్క కండువాకు 420 రూపాయలు తీసుకున్నారు. సభలకు కొనే జరీ శాలువా అంతకంటే తక్కువకే వస్తుంది, నిజమే. కానీ ఆ శాలువాలు మడత విప్పకుండా బీరువాలో పడి ఉండటం మనందరికీ తెలుసు. ఈ కండువాలను మా పిల్లలు ఇప్పుడు కూడా పండగలకు వేసుకుంటున్నారు. నేతకు పడే రోజుల కూలీ లెక్కేస్తే 420 తక్కువే అనిపించింది. బేరం ఆడకండి.

అసంతృప్తి కలిగించింది పేర్లు కుట్టించిన దుకాణం. పట్టణంలో యంత్రం మీద ఎంబ్రాయిడరీ చేసే ఒక చోట ఇచ్చాం. అక్షరాల చుట్టూ బట్ట ముడుచుకుపోయింది, ఒకటి రెండు పేర్లలో ఒత్తులు ఎగిరిపోయాయి. చెబితే సరిచేశారు గానీ విప్పిన దారాల గుర్తులు నూలులో అలాగే ఉండిపోయాయి. పేరు వేయించాలనుకుంటే విడిగా చిన్న గుడ్డ ముక్క మీద కుట్టించి, దాన్ని కండువా వెనక చేత్తో అతికించుకోవడం మేలు.

సభలో కండువాలు ముఖ్య అతిథుల చేత వేయించలేదు. విశ్వవిద్యాలయం ర్యాంకు వచ్చినవారికి, ఎన్‌సీసీలో, కబడ్డీలో రాణించినవారికి, ఇంట్లో మొట్టమొదట డిగ్రీ పూర్తి చేస్తున్నవారికి వాళ్ల అమ్మానాన్నలే వేశారు. కొబ్బరి పీచు పనిచేసే ఒకావిడ కండువా వేయబోయి, ముందు దాన్ని తిరగేసి నేత చూసి, కూతురి మెడలో వేసి మడత సరిచేశారు. ఆ అమ్మాయికి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పీజీ సీటు వచ్చింది.

నేయించాలనుకునేవారు కనీసం నెలన్నర ముందు చెప్పండి. సగం సొమ్ము ముందుగా ఇవ్వాలి, నూలు కొనడానికి. వానాకాలంలో గంజి పెట్టిన పడుగు ఆరదు, మగ్గం గుంటలో నీరు ఊరుతుంది, కాబట్టి ఆగస్టు, సెప్టెంబరు సభలకైతే ఇంకా ముందే మాట్లాడుకోండి. రంగులు ఫోనులో చూసి తేల్చుకోవద్దు. వెళ్ళి నూలు చిలపలు (నూలు కట్టలు) పగటి వెలుగులో చూసి ఎంచుకోండి.