పుల్లోరం రంగు యాంటిజెన్ సీసా: ఎవరికి పనికొస్తుంది, ఎక్కడ తప్పుతుంది

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు వనరాజా, గ్రామప్రియ, నాటుకోళ్లు పెంచుతూ గుడ్లు సొంతంగా పొదిగించేవాళ్లకు తెల్లపారుడు గురించి వేరే చెప్పక్కర్లేదు. పిల్లలు గుంపుగా ముడుచుకుంటాయి, వెనక తెల్లటి రెట్ట అంటుకుపోతుంది, మొదటి రెండు మూడు వారాల్లోనే రాలిపోతాయి. కారణం సాల్మొనెల్లా పుల్లోరం అయితే మూలం పెట్టలో ఉంటుంది. పైకి నిగనిగలాడుతూ గుడ్లు పెట్టే కోడి అండాశయంలో ఆ బాక్టీరియా దాగి, గుడ్డులోంచి పిల్లకు చేరుతుంది. అలాంటి పెట్టను ఫారం దగ్గరే అనుమానించి పక్కన పెట్టడానికి ఉన్న సాధనం ఈ సీసా.

ఇందులో ఉండేది చంపిన పుల్లోరం బాక్టీరియా. దానికి క్రిస్టల్ వయొలెట్ అనే ఊదారంగు పట్టిస్తారు. ఈ రంగు ద్రవాన్నే యాంటిజెన్ అంటున్నాం. షాఫర్, ఆయన సహచరులు 1931లో అమెరికాలో ఈ పద్ధతిని వెలువరించారు. మన దేశంలో ఇజ్జత్‌నగర్‌లోని భారత పశువైద్య పరిశోధన సంస్థ ఈ యాంటిజెన్ తయారుచేస్తుంది. ఎవరు చేసినదైనా వాడే తీరు దాదాపు ఒకటే. చుక్క కొలత, గడువు తేదీ మాత్రం లేబుల్ చూసి పాటించాలి.

ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాను గది వేడికి రానివ్వాలి. రంగు కణాలు అడుగున పేరుకుంటాయి కాబట్టి నురగ రాకుండా మెల్లగా కదిపి కలపాలి. శుభ్రమైన తెల్లటి టైలు మీద ఒక చుక్క యాంటిజెన్ వేయాలి. రెక్క కింది సిరను సూదితో గుచ్చి, వైరు లూపుతో అంతే పరిమాణం రక్తం తీసి, గడ్డకట్టకముందే అందులో కలిపి, నాణెమంత వెడల్పుకు పరచి టైలును అటూ ఇటూ వంచుతూ ఉండాలి. 2 నిమిషాల్లో ఫలితం చూడాలి. పాజిటివ్ అయితే ఊదారంగు రేణువులు విడివిడిగా తేలి, వాటి మధ్య ద్రవం తేటపడుతుంది. నెగటివ్ అయితే చుక్కంతా ఒకే రంగులో నున్నగా ఉంటుంది. లూపును ఒక్కో కోడికీ నీళ్లలో కడిగి తుడవాలి.

తప్పు చదవడం ఎక్కువగా ఇక్కడే జరుగుతుంది. 2 నిమిషాలు దాటాక కనిపించే గడ్డలను లెక్కలోకి తీసుకోకూడదు. అవి చుక్క ఆరిపోవడం వల్లో, రక్తాన్ని గడ్డకట్టించే ఫైబ్రిన్ అనే ప్రొటీన్ వల్లో వస్తాయి. ఫైబ్రిన్ దారాల్లా సాగి లూపుకు అంటుకుంటుంది, అసలు పాజిటివ్ రవ్వల్లా విడిపోతుంది. ఏప్రిల్, మే ఎండలో ఫ్యాను కింద పరీక్ష పెడితే అంచులు ముందే ఆరతాయి. నీడలో, గాలి తగలని చోట చేయాలి, చుక్క కాస్త పెద్దది వేసుకోవాలి. ఆర్.ఉదయగిరి కొండల్లో చలికాలం తెల్లవారుజామున దీనికి ఉల్టా: చల్లటి టైలు మీద రేణువులు ఆలస్యంగా కడతాయి, పాజిటివ్ పెట్ట నెగటివ్‌గా తప్పించుకుంటుంది.

రోజూ మొదటి కోడిని పట్టుకునే ముందు మూడు చుక్కలు వేసి చూడాలి: యాంటిజెన్ ఉప్పునీటి సెలైన్‌తో, తెలిసిన పాజిటివ్ సీరంతో (రక్తం గడ్డకట్టాక మిగిలే తేట ద్రవం), తెలిసిన నెగటివ్ సీరంతో. సెలైన్‌తోనే రేణువులు కడితే ఆ సీసా పాడైనట్టే, పారేయాలి. సీసా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకట్టకూడదు. బస్సు పార్సిల్‌లో ఐసు పెట్టకుండా వచ్చిన సీసాను ఈ మూడు చుక్కల పరీక్ష తర్వాతే వాడాలి. పాజిటివ్ సీరం సీసాతో పాటు వస్తుందో లేదో కొనేముందే అడగండి. అది లేకుండా కొనడం దండగ.

లెక్క కూడా ముందే వేసుకోవాలి. చుక్క 0.05 మి.లీ. అయితే 10 మి.లీ. సీసా 200 చుక్కలకు సరిపోతుంది. రోజూ వేసే ఆ మూడు సరిచూసే చుక్కలు, వృథా పోను అంతకంటే తక్కువ కోళ్లే వస్తాయి.

దీని అసలు పరిమితి వేరే ఉంది. ఈ పరీక్ష పట్టేది బాక్టీరియాను కాదు, దాన్ని ఎదుర్కోవడానికి కోడి ఒంట్లో తయారయ్యే యాంటీబాడీలు అనే రక్షక ప్రొటీన్లను. కొత్తగా సోకిన కోడిలో అవి ఇంకా పుట్టవు, 4 నెలల లోపు పిల్లల్లో ఫలితం నమ్మదగ్గది కాదు. సాల్మొనెల్లాలోనే వేరే రకాలైన గల్లినారం, ఎంటెరైటిడిస్ సోకినా పాజిటివే చూపిస్తుంది. సాల్మొనెల్లా టీకా వేసిన మంద అయితే ఆ మాట పశువైద్యుడికి ముందే చెప్పాలి.

కాబట్టి పాజిటివ్ పెట్టల గుడ్లు వెంటనే పొదగడం ఆపి, ఒకటి రెండు కోళ్లను కల్చర్‌కు, అంటే ల్యాబులో బాక్టీరియాను పెంచి గుర్తించే పరీక్షకు, పంపడం తప్పనిసరి. మాకు దగ్గరగా గరివిడి పశువైద్య కళాశాల, ఒడిశా వైపు కటక్ దగ్గర ఫుల్‌నఖరాలోని జంతు వ్యాధుల పరిశోధన సంస్థ ఉన్నాయి. పంపేముందు స్థానిక పశువైద్యుడి ద్వారా అడగాలి. అండాశయం, కాలేయం, పిత్తం, పేగుల్లో సీకం భాగం విడివిడి స్టెరైల్ డబ్బాల్లో, ఐస్ ప్యాకుల మధ్య, గడ్డకట్టకుండా చేరాలి. యాంటీబయాటిక్ మొదలుపెట్టాక పంపితే కల్చర్‌లో ఏమీ పెరగకపోవచ్చు. ల్యాబులో బాక్టీరియాను పెంచే మెకాంకీ అగార్ అనే జెల్లీ మీద సాల్మొనెల్లా రంగులేని కాలనీలుగా (గుంపు చుక్కలుగా) వస్తుంది. పుల్లోరం, గల్లినారం రెండూ కదలలేని రకాలే. వాటిని విడదీసేది ల్యాబు పరీక్షలే: ఆర్నిథిన్ అనే అమైనో ఆమ్లంతో చేసే పరీక్షలో పాజిటివ్ పుల్లోరం, డల్సిటాల్ అనే చక్కెర లాంటి పదార్థాన్ని పులియబెట్టేది గల్లినారం.

సీసా పాజిటివ్ చూపగానే మందంతటికీ మందు కలపడం మా దృష్టిలో అన్నిటికంటే చెడ్డ పని. మందు చావులను తగ్గించవచ్చు గానీ పెట్ట రోగవాహకంగానే మిగులుతుంది. పాజిటివ్‌లను తీసేసి, 3 నుంచి 4 వారాల ఎడంతో మిగిలినవాటిని మళ్లీ పరీక్షించాలి. వరసగా రెండుసార్లు మందంతా నెగటివ్ వచ్చేదాకా ఆపకూడదు.

బ్రీడర్ పెట్టలు, అంటే పిల్లల కోసం గుడ్లు పొదిగించే పెట్టలు, ఉన్నవాళ్లు తప్పక కొనాలి. బ్రాయిలర్ పిల్లలు తెచ్చి పెంచేవాళ్లకు అక్కర్లేదు. బాతులు, టర్కీలు ఉన్నవాళ్లు రక్తపు చుక్కతో చేసే ఈ పరీక్ష మీద డబ్బు పెట్టొద్దు, వాటిలో తప్పుడు పాజిటివ్‌లు చాలా వస్తాయి.