నాలుగు డిస్కుల పెట్టెతో నాలుగేళ్ళు

నాలుగు హార్డ్ డిస్కులను కలిపి కంప్యూటర్‌కు ఒకే పెద్ద డిస్కుగా చూపించే ఈ పెట్టె గురించి 2022లో నన్ను అడిగిన ప్రతివారికీ కళ్ళు మూసుకుని కొనుక్కోమని చెప్పాను. నా మాట నమ్మి మా ఊళ్ళోనే ఇద్దరు కొన్నారు. అందులో సగం మాటను ఇప్పుడు వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది కాబట్టే ఇది రాస్తున్నాను.

నేను రాజమహేంద్రవరంలో పెళ్ళి వీడియోలు ఎడిట్ చేస్తాను. ఒక్కడినే. మూడు కెమెరాలతో రెండు రోజుల పెళ్ళి తీస్తే, సెకనుకు 100 మెగాబిట్ల 4కె కాబట్టి గంటకు 45 జీబీ చొప్పున, పెళ్ళికి 1 టీబీ అటూ ఇటూగా తేలుతుంది. మంచి ముహూర్తాల్లో ఆ కార్డులే మర్నాడు ఇంకో పెళ్ళికి వెళ్ళాలి. కాపీ చేసుకుని కార్డు చెరిపేశాక, ఆ పెళ్ళి ఇక నా గదిలో తప్ప ఎక్కడా ఉండదు.

2020 డిసెంబరులో, లాక్‌డౌన్ తర్వాత మళ్ళీ పందిళ్ళు లేస్తున్న రోజుల్లో, నాలుగు 8 టీబీ డిస్కులు పెట్టి దీన్ని కొన్నాను. డిస్కులను ఇలా కలిపి వాడే పద్ధతిని రెయిడ్ అంటారు. అందులో రెయిడ్ 5 అనే రకంలో, ఏదైనా ఒక డిస్కు చెడితే దానిలోనివి తిరిగి కూర్చుకోవడానికి ఒక డిస్కంత చోటు కాపలాకు పోతుంది. మిగిలిన 24 టీబీని విండోస్ తన లెక్కలో 21.8 టీబీగా చూపిస్తుంది. రెయిడ్ లెక్కలన్నీ పెట్టెలోని చిప్పే చూసుకుంటుంది. కంప్యూటర్‌కు అది ఒకే ఒక్క పెద్ద డిస్కు. సాఫ్ట్‌వేర్ వేయనక్కర్లేదు, నెట్‌వర్క్ అక్కర్లేదు, యూఎస్‌బీ తీగ తగిలిస్తే చాలు. ఆ సౌకర్యం చూసే కొన్నాను. ఇప్పుడు నా కోపమంతా కూడా దాని మీదే.

2022 ఫిబ్రవరిలో, మాఘమాసం పెళ్ళిళ్ళ మధ్య, ఒక రాత్రి మూడో అర దగ్గర ఎర్రదీపం వెలిగింది. ఒక డిస్కు పోయింది. నా టైమ్‌లైన్ (క్లిప్పులను వరుసగా పేర్చి ఎడిట్ చేసే పట్టీ) మాత్రం ఆగలేదు. తలంబ్రాల పాట కట్ చేస్తూనే ఉన్నాను. మర్నాడు కొత్త డిస్కు తెచ్చి, పెట్టె ఆపకుండానే అరలోకి తోశాను. మధ్యమధ్యలో పని చేసుకుంటూ ఉండగా 26 గంటల్లో మిగతా మూడింటి నుంచి అన్నీ తిరిగి కూర్చుకుంది. ఒక్క ఫైలు పోలేదు. అందరికీ కొనమని చెప్పింది ఆ సంతోషంలోనే.

2023లో అధిక శ్రావణం వచ్చింది. ఆషాఢం, అధిక మాసం కలిసి పెళ్ళిళ్ళు లేని నెలలు వరుసగా రెండు గడిచాయి. ఆగిన ముహూర్తాలన్నీ నిజ శ్రావణంలో ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. ఆగస్టు చివరి వారానికి పెట్టెలో ఆరు పెళ్ళిళ్ళు ఎడిటింగ్‌కు ఎదురుచూస్తున్నాయి. ఒక మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది. కంప్యూటర్, పెట్టె రెండూ యూపీఎస్ మీదే ఉన్నాయి. అయినా తెర మీద క్లిప్పులన్నీ, ఫైళ్ళు దొరకడం లేదంటూ, ఒక్కసారిగా ఎర్రబారాయి. పెట్టె ఆపి మళ్ళీ వేశాను. డిస్కులు తిరుగుతున్న చప్పుడు వినిపిస్తోంది, నాలుగు దీపాలూ పచ్చగానే ఉన్నాయి. కానీ కంప్యూటర్‌కు మాత్రం అక్కడ ఏమీ లేదు.

తీగ మార్చాను. అడాప్టర్ మార్చాను. ఇంకో కంప్యూటర్‌కు తగిలించాను. తేడా లేదు. చివరికి ఒక డిస్కు బయటికి తీసి నేరుగా మదర్‌బోర్డుకు కలిపాను. డిస్కు వెంటనే కనిపించింది, ఆరోగ్యంగా ఉంది. విండోస్ మాత్రం దాన్ని కొత్త డిస్కు అనుకుని, ఇనీషియలైజ్ (కొత్తగా వాడకానికి సిద్ధం) చేయమంటావా అని ఒక చిన్న కిటికీ తెరిచి అడిగింది. కింద ఓకే, క్యాన్సిల్ అని రెండు మీటలు. ఓకే నొక్కితే డిస్కు మొదటి భాగంలో విండోస్ తన రాత రాస్తుంది. క్యాన్సిల్ నొక్కి కంప్యూటర్ ఆపేశాను. అప్పటికి నా చేతులు చల్లబడ్డాయి.

అప్పుడు తెలిసింది అసలు సంగతి. ఒక్కో ఫైలును ఎంతెంత ముక్కలుగా కోసింది, ఏ ముక్కను ఏ డిస్కు మీద వేసింది, కాపలా లెక్క ఎక్కడ రాసింది, ఇవన్నీ తెలిసింది పెట్టెలోని ఆ చిప్పుకే. ఇంకో కంపెనీ పెట్టెలో పెడితే ఈ నాలుగు డిస్కులూ ఖాళీవే. డిస్కు పోతుందేమోనన్న భయంతో ఇంత డబ్బు పెట్టాను. నాలుగు డిస్కులూ క్షేమంగా ఉండగా వాటిని చదివేది పోవచ్చని నాకు తట్టలేదు, పెట్టె మీదా ఎక్కడా రాసి లేదు. కంపెనీకి రాస్తే రెండేళ్ళ వారంటీ దాటిపోయిందని, ఆ మోడల్ ఆపేశామని, డేటాకు తమ బాధ్యత లేదని మూడు వాక్యాల్లో జవాబు వచ్చింది. డేటా తిరిగి తీసిచ్చేవాళ్ళు అడిగిన మొత్తంతో ఇంకో పెట్టె, దాని నిండా డిస్కులు వస్తాయి.

ఆ ఆరింటిలో ఒక పెళ్ళికూతురు పదిహేను రోజుల్లో డల్లాస్ వెళ్ళిపోతోంది. వాళ్ళ నాన్నగారు రోజూ ఫోను చేసేవారు. "ఏమయ్యా, మా అమ్మాయి విమానం ఎక్కేలోగా చూపిస్తావు కదా?" అని ఆయన అడుగుతుంటే, "చూపిస్తానండి" అన్నాను. అలా అన్న ప్రతిసారీ గొంతు పట్టేసేది.

మిగిలిన దారి ఒక్కటే, అదే మోడల్ పెట్టె ఇంకొకటి సంపాదించడం. డిస్కుల మీద స్కెచ్ పెన్నుతో 1, 2, 3, 4 అని అరల వరుస రాసి, గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి తెల్లవారి సికింద్రాబాద్‌లో దిగాను. అక్కడి కంప్యూటర్ దుకాణాల సముదాయం చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో మెట్లెక్కీ దిగీ తొమ్మిది దుకాణాలు అడిగాను. "అది ఆగిపోయి చాలా రోజులైంది సార్" అనేదే అందరి మాటా. పదో దుకాణంలో కుర్రవాడు ఫోనులోని బొమ్మ చూసి, నిచ్చెన వేసుకుని పైఅర లోంచి దుమ్ము పట్టిన అట్టపెట్టె ఒకటి దించాడు. సీసీ కెమెరాలు బిగించేవాళ్ళు వాపసు ఇచ్చిన పెట్టె. బేరం ఆడే ఓపిక కూడా లేదు, 14 వేలు ఇచ్చేశాను.

ఆ రాత్రి రైల్లోనే వెనక్కి వచ్చి, ఇంట్లో వరుస తప్పకుండా నాలుగు డిస్కులూ పెట్టి మీట నొక్కాను. దాదాపు రెండు నిమిషాలు ఏమీ లేదు. తర్వాత డ్రైవు అక్షరం కనిపించింది, దాని కింద పెళ్ళిళ్ళ పేర్లు. ఎడిటింగ్ జోలికి పోకుండా ముందు ఆ ఆరు పెళ్ళిళ్ళనూ విడి డిస్కుల మీదికి కాపీ పెట్టి, అది పూర్తయ్యేదాకా గది దాటలేదు. ఆయన అమ్మాయి బయల్దేరడానికి రెండు రోజుల ముందు పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టాను.

2022 నాటి నా పొగడ్తను కూడా కొంచెం దిద్దుకోవాలి. నాలుగు డిస్కులూ ఒకే రోజు, ఒకే దుకాణంలో, ఒకే లాటులోంచి కొన్నవి. ఆ 26 గంటల్లో రెండోది కూడా పోయి ఉంటే రెయిడ్ 5 ఏమీ చేయలేకపోయేది. ఆనాడు అది పెట్టె గొప్ప అనుకున్నాను గానీ, అందులో నా అదృష్టం కూడా ఉంది. వేగమూ అంతే. కొత్తలో సెకనుకు 400 ఎంబీ దాకా ఇచ్చేది, నిండుతున్న కొద్దీ బాగా తగ్గింది. హార్డ్ డిస్కులో లోపలి వలయాలు బయటివాటికంటే నెమ్మది కాబట్టి అది ఈ పెట్టె ఒక్కదాని తప్పు కాదు.

ఇప్పుడు చేతిలో ఉన్న పెళ్ళి కంప్యూటర్ లోపలి 4 టీబీ ఎన్‌విఎంఇ (తిరిగే భాగాలు లేని వేగమైన డ్రైవు) మీద ఉంటుంది. కార్డు చెరిపేముందే రెండు విడి డిస్కుల మీదికి కాపీ వెళ్తుంది. రెయిడ్ లేని మామూలు డిస్కులు, ఏ కంప్యూటర్‌కు తగిలించినా తెరుచుకుంటాయి. ఒకటి నా దగ్గర ఉంటుంది. రెండోది వారానికోసారి గోదావరి దాటి కొవ్వూరులో మా అక్కయ్య ఇంటి బీరువాలోకి చేరుతుంది. శ్రమ ఎక్కువే. ఏ పెళ్ళి ఏ డిస్కులో ఉందో నోటుపుస్తకంలో రాసుకోవాలి, కాపీ అయ్యాక క్లిప్పులు తెరిచి చూసుకోవాలి. పెట్టె ఉన్నప్పుడు ఈ పనేదీ లేదు.

పెట్టెను పారేయలేదు. పాత పెళ్ళిళ్ళు వెతుక్కోవడానికి అన్నీ ఒకేచోట ఉండే హాయి దానిలోనే ఉంది. కానీ దాంట్లో మాత్రమే ఉన్న ఫైలు ఇప్పుడు ఒక్కటీ లేదు.

ఇద్దరు ముగ్గురు కలిసి ఎడిట్ చేసే చోట నా పద్ధతి నడవదు. వాళ్ళకు ఎన్‌ఏఎస్ మేలు, అంటే విండోస్ లాంటిదే అయిన లినక్స్ మీద నడుస్తూ, నెట్‌వర్క్ ద్వారా అందరికీ ఫైళ్ళు అందించే డిస్కుల పెట్టె. వాటిలో చాలావరకు రెయిడ్ సాఫ్ట్‌వేర్‌తోనే జరుగుతుంది కాబట్టి పెట్టె పోయినా డిస్కులను ఇంకో లినక్స్ కంప్యూటర్‌లో చదివించుకునే దారి ఉంటుంది. మామూలు గిగాబిట్ నెట్‌వర్క్ తీగ మీద సెకనుకు 110 ఎంబీకి అటూ ఇటూగానే వస్తుంది. నా మూడు కెమెరాల టైమ్‌లైన్‌కు అది చాలదనిపించి నేను అటు వెళ్ళలేదు. 10 గిగాబిట్లకు ఖర్చు పెట్టగలిగేవారి లెక్క వేరు.

నా మాట మీద ఈ పెట్టె కొన్న ఇద్దరికీ ఫోను చేసి ఇదంతా చెప్పాను. ఒకరు అదే మోడల్ ఇంకొకటి వెతికి కొని, సీలు విప్పకుండా అటక మీద దాచుకున్నారు. ఇంకొకరు విడి డిస్కులు కొంటున్నారు.