అనంతగిరి దిగుడు దారిలో ఒక జత ట్రెయిల్ షూలు

ఈ సమీక్షలో చెప్పబోయే ట్రెయిల్ షూలను, అంటే కొండదారుల్లో పరుగెత్తడానికి చేసిన షూలను, నేను ఆగస్టులో హైదరాబాదులో 13,500 రూపాయలకు కొన్నాను. తరువాతి నాలుగు నెలల్లో వాటితో దాదాపు 380 కిలోమీటర్లు పరుగెత్తాను. అందులో మూడొంతులు గండిపేట చుట్టుపక్కల మట్టిదారుల మీద, నగరం ఇంకా మింగకుండా వదిలిన రాతిగుట్టల మీద చేసిన సాధనే. కాని వాటి అసలు గుణం తెలిసింది మాత్రం నవంబరు చివరలో, అల్లూరి సీతారామరాజు జిల్లా అనంతగిరి కొండల్లో పాల్గొన్న 30 కిలోమీటర్ల పరుగు పోటీలో. వికారాబాదు దగ్గరి అనంతగిరి కాదు, బొర్రా గుహలున్న అనంతగిరి. తయారీ సంస్థ పేరు రాయడం లేదు. నేను కొన్న మోడల్‌కు బదులు ఇప్పటికే కొత్తది వచ్చింది కనుక, పేరు పట్టుకుని వెతికేవారికి దొరికేది ఈ షూ కాదు. ఏ లక్షణం ఎలాంటి నేల మీద పనికి వచ్చిందో చెబితే, ఏ కంపెనీ షూ కొనేవారికైనా అది ఉపయోగపడుతుంది.

ముందుగా వివరాలు. 9వ సైజులో ఒక్కో షూ బరువు 295 గ్రాములు. మడమ కింద మందం 30 మిల్లీమీటర్లు, వేళ్ల కింద 24. దుకాణాల్లో ‘డ్రాప్’ అని చెప్పేది ఈ 6 మిల్లీమీటర్ల తేడానే. అడుగున వైబ్రామ్ మెగాగ్రిప్ రబ్బరు, దాని మీద రన్నర్లు లగ్స్ అని పిలిచే 4 మిల్లీమీటర్ల బుడిపెలు ఉన్నాయి. ముందుపాదం కింద, రబ్బరుకూ దాని పైనుండే మెత్తని ఫోముకూ మధ్య, కోసురాళ్లు పొడుచుకోకుండా ఆపే పలుచని ప్లాస్టిక్ రేకు ఒకటి ఉంది. వైబ్రామ్ అన్నది ఈ షూ తయారీదారు పేరు కాదు. అడుగు రబ్బరు మాత్రమే తయారుచేసి ఎన్నో కంపెనీలకు ఇచ్చే ఇటలీ సంస్థ. 1935లో ఆల్ప్స్ పర్వతాల్లో ఆరుగురు సహచరులు మరణించిన ప్రమాదం తరువాత, పర్వతారోహకుడు విటాలె బ్రమాని మేకులు కొట్టిన తోలు అడుగులకు బదులుగా బుడిపెలున్న రబ్బరు అడుగును రూపొందించి, 1937లో దానిని మార్కెట్లోకి తెచ్చాడు. ఆయన పేరులోంచే ఆ సంస్థ పేరు పుట్టింది.

దారి విషయానికి వస్తే, దూరం 30 కిలోమీటర్లే అయినా మొత్తం ఎక్కవలసిన ఎత్తు దాదాపు 1,500 మీటర్లు. అంతర్జాతీయ ట్రెయిల్ రన్నింగ్ సంఘం వాడే లెక్క ప్రకారం, ఎక్కిన ప్రతి 100 మీటర్లనూ ఒక కిలోమీటరుగా దూరానికి కలపాలి. అంటే ఈ పోటీ 45 కిలోమీటర్ల శ్రమతో సమానం. ఆ లెక్కలో కూడా దారి స్వభావం కనిపించదు. కాఫీ తోటల నీడలో రాలిన సిల్వర్ ఓక్ ఆకుల కింద దాగిన వేర్లు, వాగు దాటే చోట పాచి పట్టిన బండలు, ఆ పైన అడుగు వేస్తే జారే ఎర్ర మొరం, ఇవన్నీ ఒకే గంటలో ఎదురవుతాయి. రోడ్డు మీద 21 కిలోమీటర్లను రెండు గంటల లోపు ముగించే నాకు, ఇక్కడ 30 కిలోమీటర్లకు 5 గంటల 52 నిమిషాలు పట్టింది. అందులో సగానికి పైగా నడకే.

ఎక్కేటప్పుడు ఈ షూల గురించి చెప్పుకోవలసింది పెద్దగా లేదు. నిటారు చోట్ల అందరూ చేతులు తొడల మీద ఆనించి నడుస్తారు, బరువు ముందుపాదం మీద పడుతుంది, వేగం ఉండదు. ఆ స్థితిలో రెండు వేల రూపాయల షూ అయినా పని చేస్తుంది. దుకాణంలో ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తించి చూపించే పరీక్ష కూడా ఇంతకు మించి ఏమీ చెప్పదు. పరీక్ష మొదలయ్యేది దిగేటప్పుడు. శరీరం ముందుకు పడిపోకుండా తొడ ముందు కండరాలు సాగుతూనే బిగుసుకుని బ్రేకులా పనిచేయాలి. మరునాడు మెట్లు దిగలేక గోడ పట్టుకునేది ఆ పని వల్లనే. షూ కింద పట్టు మీద నమ్మకం లేకపోతే మనిషి వెనక్కి వాలి, మడమ మీద బరువు వేసి, ప్రతి అడుగుకూ బ్రేకు వేస్తాడు. దానితో తొడలు మరింత అలసిపోతాయి, అంతకన్నా ఎక్కువగా జారతాడు.

పంతొమ్మిదో కిలోమీటరు దగ్గర దారి కాఫీ తోట అంచు నుంచి ఒక వాగులోకి దిగుతుంది. వాగుకు ముందు మంచం అంత వెడల్పున్న నల్లని పలక ఒకటి, పక్కకు వాలి, పై నుంచి కారే నీటితో మెరుస్తూ ఉంది. నా ముందు వెళ్తున్న యువకుడు దాని మీద కూర్చుని, చేతులు ఆనించుకుని జరుగుతూ దిగాడు. నేను పాదం మొత్తం ఒకేసారి ఆనేలా, మోకాళ్లు కొంచెం వంచి, మూడు చిన్న అడుగుల్లో దాటాను. రెండో అడుగులో షూ వేలెడంత జారి ఆగింది. ఆగిన చోటు నేను చూసి ఎంచుకున్నది కాదు, రబ్బరు దానంతట అది పట్టుకున్నదే. తడిరాయి మీద పనిచేసేది బుడిపెల పొడవు కాదు. రాయికి ఎంత రబ్బరు తగులుతోంది, ఆ రబ్బరు ఎంత మెత్తగా ఉంది అన్నదే ముఖ్యం. బురద కోసం చేసిన 6 మిల్లీమీటర్ల బుడిపెలు ఇలాంటి పలక మీద కొసలతో మాత్రమే ఆనుతాయి. తడిరాయి మీద ఈ షూకు పూర్తి మార్కులు ఇస్తాను. అయితే పచ్చని పాచి దట్టంగా పేరుకున్న చోట ఏ రబ్బరూ పనిచేయదు, ఇదీ చేయలేదు. అలాంటి రెండు చోట్ల నేనూ కూర్చునే దిగాను.

పొడి మొరం మీద కథ వేరు. ఈ కొండల్లో ఎక్కువగా ఉండే రాయిని భూగర్భ శాస్త్రంలో ఖోండలైట్ అంటారు. ఇక్కడా ఒడిశాలోనూ ఉండే ఖోండు గిరిజనుల పేరు మీదనే ఆ మాట వచ్చింది. హైదరాబాదు గ్రానైటులా గట్టిగా నిలబడకుండా, ఇది ఎండకూ వానకూ పొరలు పొరలుగా విడిపోయి ఎర్రని పలుకులుగా రాలుతుంది. గట్టి నేల మీద ఆ పలుకులు పరుచుకుంటే గచ్చు మీద శనగలు పోసినట్టు ఉంటుంది. 4 మిల్లీమీటర్ల బుడిపెలు ఆ పొరను దాటి కింది నేలను అందుకోలేకపోయాయి. ఇరవై రెండో కిలోమీటరు తరువాతి దిగుడులో రెండుసార్లు పడ్డాను, అరచేయి గీసుకుపోయింది. కాఫీ పళ్ల మూట నెత్తిన పెట్టుకుని ఎదురుగా ఎక్కి వస్తున్న ఒక పెద్దామె నా అవస్థ చూసి నిలబడి, “కాలు అడ్డంగా పెట్టి దిగు బాబూ” అంది. ఆమె కాళ్లకు హవాయి చెప్పులు. పాదాన్ని వాలుకు అడ్డంగా తిప్పి దిగడం మొదలుపెట్టాక జారడం బాగా తగ్గింది. అప్పుడే ఈ షూలోని ఇంకో మంచి గుణం తెలిసింది: మడమ చుట్టూ ఉన్న గోడ గట్టిగా ఉండటం వల్ల, షూ అంచు మీద బరువు పడినా పాదం లోపల పక్కకు ఒరగలేదు, చీలమండ మడత పడలేదు.

పెద్ద ఫిర్యాదు కొలత గురించి. కొన్న చోట, “మీ రోడ్డు షూ సైజే తీసుకోండి సర్, ఇవి సాగుతాయి” అన్నారు. సాగలేదు. గంటలు గడిచేకొద్దీ పాదాలు ఉబ్బుతాయి, దిగేటప్పుడు పాదం ముందుకు జరుగుతుంది. ఈ షూలో వేళ్ల దగ్గర వెడల్పు తక్కువ కనుక ఆ రెండింటి భారమూ బొటనవేలి మీదనే పడింది. ఇంటికి వచ్చేసరికి కుడి బొటనవేలి గోరు నల్లబడింది, మూడు వారాలకు ఊడింది. అర సైజు పెద్దది తీసుకుని ఉంటే ఇలా జరిగేది కాదు. పై చివర ఖాళీగా వదిలేసే అదనపు రంధ్రం గుండా లేసును వలయంగా తిప్పి బిగిస్తే మడమ వెనక్కి నిలబడుతుందని నాకు ముందే తెలుసు. కాని ఈ షూ లేసులు ఆ వలయానికి సరిపోనంత పొట్టివి. ఇంత ధర పెట్టిన వస్తువులో జానెడు లేసు దగ్గర పొదుపు చేయడం నాకు అర్థం కాలేదు. ఇప్పుడు విడిగా కొన్న 60 రూపాయల లేసులు వాడుతున్నాను.

పైభాగపు జాలీ వాగు నీటిని త్వరగానే వదిలేసింది. పది నిమిషాల్లో షూలో నీళ్ల చప్పుడు ఆగింది, మేజోళ్లు మాత్రం చివరిదాకా తడిగానే ఉన్నాయి. కాని అదే జాలీ గండిపేట వైపు పల్లేరుకాయలకు సులువుగా లొంగిపోయింది. ఇంటికి వచ్చి సూదితో ముళ్లు తీయడం ఆదివారపు పనుల్లో ఒకటైంది. అడుగు భాగంలో మధ్యన, బరువు తగ్గించడానికి కాబోలు, రబ్బరు లేకుండా ఫోమును బయటికే వదిలేశారు. అక్కడ ఇప్పుడు మూడు లోతైన కోతలు ఉన్నాయి. ముందుపాదం కింది ప్లాస్టిక్ రేకు మాత్రం తన పని తాను చేసింది. మొనదేలిన రాళ్ల మీద దిగినా అరికాలికి పోటు తెలియలేదు.

ఇంటి నుంచి మట్టిదారి చేరేదాకా ఉన్న తారురోడ్డు మీద ఈ షూలు బరువుగా, శబ్దం చేస్తూ నడుస్తాయి. మెత్తని రబ్బరు కనుక రోడ్డు మీద త్వరగా అరుగుతుంది కూడా. మడమ బయటి అంచున బుడిపెలు ఇప్పటికే సగమయ్యాయి. అందుకే మట్టిదారి మొదలయ్యేదాకా చెప్పులతో వెళ్లి, అక్కడ షూలు మార్చుకుంటున్నాను.

డిసెంబరులో కుడి షూ ముందు భాగంలో వేళ్లకు రక్షణగా అతికించిన రబ్బరు తొడుగు ఊడింది. వారంటీ కింద పంపితే, రాళ్లకు తగిలి ఊడింది కనుక వర్తించదని జవాబు వచ్చింది. కొండదారుల్లో పరుగెత్తడానికని అమ్మిన షూకు రాళ్లు తగలకూడదన్న ఆ నిబంధనను మళ్లీ ఒకసారి చదివి పక్కన పెట్టేశాను. మా వీధి చివర చెప్పులు కుట్టే ఆయన దానిని జిగురుతో అతికి, చుట్టూ నల్లదారంతో కుట్టి 80 రూపాయలు తీసుకున్నాడు. ఫోము కోతలను కూడా చూపించాను. బొటనవేలితో నొక్కి చూసి, దీనికి సూది నిలవదని చెప్పి తిరిగి ఇచ్చేశాడు. ఆ కుట్టు మీద ఇప్పటికి 90 కిలోమీటర్లు నడిచాయి, ఊడలేదు.