మంచు అంటే ఏ మంచు? లంబసింగి, వంజంగిలో మా నాలుగు రోజులు

బయలుదేరే ముందు రాత్రి మా చిన్నోడి బ్యాగు సర్దుతుంటే అడుగున ఒక క్యారెట్ దొరికింది. వాడికి తొమ్మిదేళ్లు. ఇదేంట్రా అంటే, "స్నోమ్యాన్‌కి ముక్కమ్మా" అన్నాడు. వాడికి అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేకపోయాను, ఎందుకంటే ఆ వీడియో నేనూ చూశాను. "లంబసింగిలో కురుస్తున్న మంచు" అని పైన తెలుగులో రాసి ఉంది. కింద చెట్లన్నీ తెల్లగా కప్పుకుపోయి, రోడ్డు మీద మూరెడు మంచు. లక్షల మంది చూసిన వీడియో, అందరూ "వావ్" అని రాసిన వీడియో. అబద్ధమవుతుందని నాకు తోచలేదు.

మన భాషలో మంచు అన్న మాట ఒక్కటే. పొగలా కమ్మేసేదీ మంచే, గడ్డి మీద చుక్కలుగా నిలిచేదీ మంచే, హిమాలయాల్లో కురిసేదీ మంచే. ఆ వీడియో చేసినవాళ్లు ఈ మాటను వాడుకుని, ఎక్కడివో కశ్మీర్ దృశ్యాలు అతికించారు. లంబసింగి సముద్ర మట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉంటుంది. అక్కడ చలి నిజం, పొగమంచు నిజం. కానీ కశ్మీర్‌లోలా మంచు కురిసి రోడ్డు మీద పేరుకోవడం ఉండదు.

సంక్రాంతి సెలవులు ఇవ్వగానే శనివారం పొద్దున్నే రాజమండ్రి నుంచి మా కారులో బయలుదేరాం. నేను, మావారు, అత్తయ్య, ఇంటర్ చదివే మా అమ్మాయి, చిన్నోడు. భోగికి ఇంట్లో ఉండాలన్నది అత్తయ్య షరతు. అన్నవరంలో దర్శనం, ప్రసాదం, తునిలో భోజనం, నర్సీపట్నం, డౌనూరు. ఘాట్ ఎక్కేసరికి సాయంత్రం నాలుగున్నర. అక్కడిదాకా ఏ లోటూ లేదు.

లంబసింగిలో దిగిన చోటు గురించి మాత్రం వివరంగా రాస్తాను. అసలు రాయడానికి కూర్చున్నదే దాని కోసం.

లంబసింగి పేరుతో నడిచే ఒక పేజీలో ఆ కాటేజీ చూశాం. చెక్క గోడలు, ఒకవైపు నిలువెత్తు అద్దం, అద్దం అవతల మేఘాలు. హీటర్ ఉంటుంది, వేడినీళ్లు 24 గంటలూ, చలిమంట ఉచితం. 4.8 రేటింగ్, 212 రివ్యూలు. రెండు గదులకు 6,400 రూపాయలు, అడ్వాన్స్ 3,000. సెలవుల రద్దీ, ఇంకో గంటలో గదులు అయిపోతాయి అని మెసేజ్ పెట్టారు. ఆ టెన్షన్‌లోనే డబ్బు పంపేశాను. తొందరపెట్టడం చూసి ఆగాల్సిన దాన్ని, ఇంకా తొందరపడ్డాను.

వాళ్లు పంపిన లొకేషన్ రోడ్డు పక్కన ఒక కరెంటు స్తంభం దగ్గర ఆగిపోయింది. ఫోన్ చేస్తే ఒక కుర్రాడు బండి మీద వచ్చి దారి చూపించాడు. నాలుగు రేకుల గదులు, ప్లైవుడ్ గోడలు. కిటికీ తీస్తే ముందు గది వెనక గోడ. అద్దం లేదు, మేఘాలు లేవు. హీటర్ అడిగితే "లోడ్ ఆగదు మేడమ్, కరెంటు పోద్ది" అన్నాడు. వేడినీళ్లు బకెట్ 50. చలిమంటకు కట్టెలు 500. దుప్పట్లు ముట్టుకుంటే తడిగా ఉన్నాయి. బాత్రూమ్ తలుపుకు గడియ లేదు, లోపల ఒక ఇటుక పెట్టారు, దాన్ని అడ్డం పెట్టుకోవాలట.

నేను ఆ కుర్రాడి మీద గట్టిగా అరిచాను. వాడు తల వంచుకుని విని, చివరికి ఒక్క మాట అన్నాడు. "ఆ ఫోటోలు నేను పెట్టలేదు మేడమ్. పేజీవాళ్లే పెడతారు. నాకు గదికి ఎనిమిది వందలు ఇస్తారు." అంటే మా 6,400లో వాడికి చేరేది 1,600. మిగతా 4,800 ఆ గదులను ఎప్పుడూ చూసి కూడా ఉండని ఎవరికో. వాడి మీద నా కోపం అక్కడే పోయింది.

శనివారం రాత్రి, ఎక్కడా ఖాళీ లేదు, అక్కడే పడుకున్నాం. అత్తయ్య రెండు స్వెట్టర్లు, శాలువా, మంకీ క్యాప్ వేసుకుని కూడా తెల్లవార్లూ కూర్చునే ఉన్నారు. మోకాళ్లు పట్టేశాయి. "నాకేం పర్లేదు, పిల్లల్ని చూసుకో" అంటూనే ఉన్నారు, అది వినడం నాకు ఇంకా కష్టమైంది. మావారికి కోపం వస్తే మాట్లాడరు. ఆ రాత్రి ఒక్క మాట లేదు.

పొద్దున ఆరింటికి బయటికి వస్తే కారు కనిపించలేదు. పది అడుగుల దూరంలోనే ఉంది, పొగమంచు అంత దట్టంగా ఉంది. చిన్నోడు అటూ ఇటూ చూసి, "కింద ఏం లేదేంటమ్మా?" అన్నాడు. వాడి ముఖం చూడలేకపోయాను. టీ కొట్టాయన ఇది విని, "రా బాబూ" అని వాడి చెయ్యి పట్టుకుని కొట్టు వెనక పల్లపు పొలంలోకి తీసుకెళ్లాడు. గడ్డి పరకల మీద సన్నటి తెల్లటి పొర. వేలితో గీకితే పొడిలా రాలింది. రాత్రి ఆకాశం నిర్మలంగా ఉండి గాలి ఆడకపోతే, చల్లగాలి బరువెక్కి పల్లంలోకి జారి నిలుస్తుంది. అక్కడ తేమ అలా గడ్డకడుతుంది. ఎండ తగలగానే పోతుంది. వాడు పది నిమిషాలు ఆ పరకలు గీకుతూనే ఉన్నాడు. ఆ ఊరిని కొర్రబయలు అని కూడా ఎందుకంటారో టీ కొట్టాయనే చెప్పాడు. రాత్రి బయట ఉండిపోయినవాడు తెల్లారేసరికి కొర్రలా, అంటే కర్రలా బిగుసుకుపోతాడట. ఆ ఒక్క పేరులో ఉన్నంత నిజం నేను చూసిన వీడియోల్లో లేదు.

ఇంకో సంగతి. నా ఫోన్‌లో ఆ పొద్దున 12 డిగ్రీలు చూపించింది. కొట్టు దగ్గర పేపరులో 6 అని ఉంది. ఇక్కడి చలి గురించి పేపర్లలో వచ్చే అంకెలు చాలావరకు చింతపల్లి వ్యవసాయ పరిశోధన స్థానంలో కొలిచినవి. ఫోన్‌లోది ఆ చుట్టుపక్కలంతటికీ కలిపి లెక్కగట్టిన అంచనా. పల్లాల్లో నిలిచే చలి దానికి అందదు. ఫోన్ చూసి బట్టలు సర్దుకోకండి. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు ఇంకో దుప్పటి ఎక్కువే పెట్టుకోండి.

తాజంగి రిజర్వాయర్ చూసి చింతపల్లి వైపు బయలుదేరాం. దారిలో సిగ్నల్ రాగానే మా అమ్మాయి వెనక సీట్లో పని మొదలుపెట్టింది. కాటేజీ ఫోటోను ఇమేజ్ సెర్చ్‌లో వేసింది. అదే ఫోటో మూడు పేర్లతో వచ్చింది, అందులో ఒకటి కేరళలో. తర్వాత ఆ 212 రివ్యూలు తెరిచి, కొత్తవి ముందు వచ్చేలా పెట్టింది. ముప్పావు వంతు రెండు వారాల్లోనే పడ్డాయి. "సూపర్", "నైస్ ప్లేస్", అంతే. రాసినవాళ్ల పేర్లు నొక్కితే చాలామంది జీవితంలో రాసింది ఆ ఒక్క రివ్యూనే. వాటి మధ్య నాలుగు పెద్ద రివ్యూలు ఉన్నాయి, ఒక్కో చుక్కతో, ఫోటోలతో. ఒక ఫోటోలో ఆ ఇటుక ఉంది.

నేను డబ్బు పంపకముందు నుంచే ఆ ఇటుక ఫోటో అక్కడ ఉంది. మేం 4.8 చూసి ఆగిపోయాం. పది నిమిషాల పని. అమ్మాయి ఆ రివ్యూలు ఒక్కొక్కటీ చదివి వినిపిస్తుంటే మావారు అప్పుడు నోరు విప్పారు: "ఇక నుంచి బుకింగ్ దీనికి అప్పజెప్పు."

పేజీవాళ్లను డబ్బు అడిగితే రిఫండ్ ఉండదన్నారు, రెండోసారి అడిగితే నంబరు బ్లాక్ చేశారు. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చాను. మూడు వేలే కదా అని ఊరుకోకండి. డబ్బు ఇంకా రాలేదు, ఫిర్యాదు నంబరు మాత్రం నా దగ్గర ఉంది.

ఆ రాత్రికి పాడేరులో బస మా అమ్మాయే వెతికింది. అది చూపించిన ఇల్లు ఇంటి దగ్గరైతే నేను చూసేదాన్నే కాదు. 3.9 రేటింగ్, 19 రివ్యూలు, చీకట్లో తీసిన ఫోటోలు, ఒకదాంట్లో బకెట్లు. "అమ్మా, తిట్టినవాళ్లు ఏం తిట్టారో చూడు" అంది. బాత్రూమ్ ఇంటి బయట ఉంది, గీజర్ లేదు, పొద్దున్నే కోళ్లు నిద్రపోనివ్వవు, జియో అందదు. అన్నీ వెళ్లినవాడికి తప్ప తెలియని విషయాలు. గదులు మురికి అని గానీ, డబ్బు ఎక్కువ తీసుకున్నారని గానీ, మాట తప్పారని గానీ ఒక్కరూ రాయలేదు.

ఫోన్ చేశాం. ఆయన కాఫీ రైతు. మొదట అడిగిందే "పెద్దవాళ్లు ఉన్నారామ్మా? బాత్రూమ్‌కి నాలుగు మెట్లు దిగాలి, రాత్రిపూట లైటు వేసి ఉంచుతాను" అని. గది 800, భోజనం 120, అడ్వాన్స్ వద్దు. రేపు వంజంగి కొండ మీద నుంచి లోయలో మేఘాలు కనిపిస్తాయా అని అడిగాను. "నిన్న రాలేదమ్మా, మొన్న వచ్చాయి. రేపటిది నేను చెప్పలేను" అన్నాడు. రోజూ మేఘాల సముద్రం గ్యారంటీ అని రాసిన పేజీలు ఎన్నో చూసి వచ్చాం. చెప్పలేను అన్న మనిషి ఈయనొక్కడే.

ఆ రాత్రి భోజనం గురించి రాయకపోతే అన్యాయం. చింతపల్లి, పాడేరు వైపు కొండల్లో రాజ్మా బాగా పండుతుంది. ఆ పిక్కలను చింతపండు పులుసులో కాస్త ఎండుమిర్చి, వెల్లుల్లి వేసి ఆయన భార్య కట్టెల పొయ్యి మీద వండింది. వేడి అన్నం, ఆ కూర, పక్కన కాల్చిన టమాటా పచ్చడి. రాజ్మా అంటే హోటల్లో చపాతీతో తినేదే అనుకునేదాన్ని. చిన్నోడు మూడుసార్లు వడ్డించుకున్నాడు. అత్తయ్య పొయ్యి దగ్గరే పీట వేసుకుని కూర్చుని, మోకాళ్లకు వెచ్చగా ఉందని పది దాటినా లేవలేదు. ఆవిడా, అత్తయ్యా పిల్లల పెళ్లిళ్ల గురించి మాట్లాడుకుంటూ ఉన్నారు.

సోమవారం పొద్దున ఆయన మమ్మల్ని లేపలేదు. రాత్రి నుంచి గాలి ఆగలేదని, మేఘం లోయలో నిలవదని చెప్పాడు. లేపి ఉంటే ఆయనకు తెలిసినవాళ్ల జీపుకు 1,000 రూపాయలు వచ్చేవి. ఆ డబ్బు వదులుకుని మమ్మల్ని నిద్రపోనిచ్చాడు. ఇంకో రాత్రి అక్కడే ఉండిపోయాం. పగలు మోదకొండమ్మ గుడికి వెళ్లి, ఆయన కాఫీ తోటలో తిరిగాం. పైన నీడకు సిల్వర్ ఓక్ చెట్లు, వాటి మీదికి పాకించిన మిరియాల తీగలు, కింద కాఫీ మొక్కలు.

మంగళవారం మూడున్నరకు తలుపు కొట్టాడు. "ఆకు కదలట్లేదు, రండి." పాడేరు నుంచి వంజంగి ఆరేడు కిలోమీటర్లే. జీపు వెళ్లినంత వరకు వెళ్లి, తర్వాత టార్చిలైట్ వెలుతురులో ఎక్కాలి. రాళ్ల దారి, చీకటి. చెప్పులతో కుదరదు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు అసలు కుదరదు. అత్తయ్య పొయ్యి దగ్గరే ఉండిపోయారు. "ఈజీ ట్రెక్, అన్ని వయసులవారికీ" అని రాసినవాళ్లను ఒకసారి ఆ రాళ్ల మీద నిలబెట్టాలి.

ఆరు దాటాక తూర్పు ఎర్రబడింది. కాళ్ల కింద లోయలన్నీ తెల్లగా నిండిపోయి, కొండ కొనలు మాత్రం దీవుల్లా పైకి తేలాయి. సూర్యుడు ఆ తెలుపులోంచే లేచాడు. ఫోటోల్లో చూసినదానికంటే బాగుంది, ఈ ఒక్కచోట ఫోటోలే తక్కువ చేసి చెప్పాయి. వాటిలో కనిపించనివి ఇంకో రెండు ఉన్నాయి. మీ పక్కన కనీసం మూడు నాలుగు వందల మంది ఉంటారు. కాళ్ల దగ్గర ప్లాస్టిక్ సీసాలు, నూడుల్స్ కప్పులు. మావారు ఒక కవరు నిండా ఏరి కిందికి తెచ్చారు.

అరకు, బొర్రా ఆ రోజే ముగించాం. వలిసె పూల పసుపు తోటల కోసం అమ్మాయి పసుపు చున్నీ తెచ్చుకుంది, కోతలు అయిపోయి నేల బోసిగా ఉంది. ఆ పూలు నవంబరు, డిసెంబరుల్లో చూడాలి. పాత ఫోటోలనే జనవరిలో మళ్లీ పెట్టి పిలుస్తున్నారు. ఫోటో ఏ ఊరిదో చూసినట్టే ఏ నెలదో కూడా చూడండి. బొర్రా గుహలు చాలా బాగున్నాయి కానీ మెట్లు ఎక్కువ, తడి. అత్తయ్య బయటే కూర్చున్నారు. బొంగు చికెన్ కిలో 550, క్యూ కట్టిన వైరల్ కొట్టు వదిలేసి, మా కళ్లముందు పచ్చి మాంసం బొంగులో కూరి కాల్చిన చోట తిన్నాం.

నాలుగు రోజులకు పెట్రోలు 4,600, పాడేరు గదులు 3,200, జీపు 1,000, తిండికి 4,150. లంబసింగి గదులకు అడ్వాన్స్ పోగా అక్కడ ఇంకో 3,400 కట్టాం, బకెట్లకు 200. చలిమంట వేయించుకోలేదు.

పాడేరులో బయలుదేరేటప్పుడు చిన్నోడు క్యారెట్‌ను వాళ్ల మేకపిల్లకు పెట్టాడు. మా అమ్మాయి ఆయనతో "అంకుల్, మీకు అయిదు చుక్కలు ఇస్తాను" అంది. ఆయన అన్నాడు: "ఎన్ని ఇచ్చినా ఇవ్వు తల్లీ. బాత్రూమ్ బయట ఉంటుందని మాత్రం రాయి. అది తెలియక వచ్చినవాళ్లు రాత్రిపూట ఇబ్బంది పడుతున్నారు." అమ్మాయి రివ్యూ కారులోనే రాసింది. మొదటి వాక్యం బాత్రూమ్ గురించి, రెండోది నాలుగు మెట్ల గురించి, మూడోది రాజ్మా కూర గురించి. చివర్లో: "జనవరి రెండో వారం. మొదటి రోజు గాలి, మేఘాలు లేవు. రెండో రోజు వచ్చాయి."