ఇంట్లో డ్రమ్స్ రికార్డింగ్‌కి ఫోకస్‌రైట్ స్కార్లెట్ 2ఐ2, నాలుగో తరం

పాత ఇంటర్‌ఫేస్‌తో (మైక్ శబ్దాన్ని కంప్యూటర్‌లోకి పంపే పెట్టె) నా బాధ ఒకటే. సౌండ్‌చెక్‌లో అంతా బాగుండేది, పాటలో ఊపొచ్చి స్నేర్ డ్రమ్ మీద గట్టి రిమ్‌షాట్ (అంచునీ పైభాగాన్నీ కలిపి కొట్టే దెబ్బ) పడగానే శబ్దం చిట్లిపోయేది, ప్రీఆంప్ (మైక్ సిగ్నల్‌ని పెంచే భాగం) దగ్గరే పాడైన శబ్దాన్ని తర్వాత సాఫ్ట్‌వేర్‌లో ఫేడర్ ఎంత దించినా బాగుచేయలేం, టేక్ మొత్తం మళ్లీ వాయించాల్సిందే.

ఈ స్కార్లెట్ ఇంటర్‌ఫేస్ కొన్నాక ఆ టెన్షన్ చాలా తగ్గింది. గెయిన్ అంటే మైక్ శబ్దాన్ని ఎంత పెంచాలన్నది; ఇందులో ఆటో గెయిన్ బటన్ నొక్కితే 10 సెకన్లు విని ఆ లెవెల్ తనే పెడుతుంది. ఆ 10 సెకన్లూ మెల్లగా వాయిస్తే లాభం లేదు, పాటలో అన్నిటికన్నా గట్టి ఫిల్ (పాట భాగాల మధ్య వాయించే చిన్న ముక్క), క్రాష్ సింబల్‌తో సహా, అప్పుడే కొట్టాలి. ఆ తర్వాత కూడా నేను గెయిన్ నాబ్ కొంచెం తగ్గించి, పీక్స్ (అన్నిటికన్నా గట్టి దెబ్బలు) శబ్దం చిట్లే హద్దైన సున్నాకి కింద, మైనస్ 12 డీబీ దగ్గర ఉండేలా చూసుకుంటాను, ఎందుకంటే అసలు టేక్‌లో చెయ్యి ఎప్పుడూ ఇంకాస్త బరువుగానే పడుతుంది. 24 బిట్‌లో, అంటే మెల్లటి శబ్దం కూడా స్పష్టంగా పట్టే నాణ్యతలో, రికార్డ్ చేస్తాం కాబట్టి లెవెల్ తక్కువైందని భయపడక్కర్లేదు.

క్లిప్ సేఫ్ (శబ్దం చిట్లబోతుంటే గెయిన్‌ని తనే దించే సదుపాయం) కూడా ఆన్‌లోనే ఉంచుతాను. కానీ అది గెయిన్ దించితే ట్రాక్ మధ్యలో శబ్దం తగ్గుతుంది, అందుకే దాని మీదే ఆధారపడొద్దు. నాబ్ చుట్టూ ఉండే వలయం ఎరుపుకు తిరిగితే ఆగి, మైక్‌ని డ్రమ్‌కి కాస్త దూరం జరిపి మళ్లీ మొదలెట్టండి.

మైక్ ఇన్‌పుట్లు రెండే. కిట్ పైన ఒక జత ఓవర్‌హెడ్ మైకులకి సరిపోతాయి, కిక్‌కీ స్నేర్‌కీ విడివిడిగా మైకులు పెట్టాలనుకుంటే పెద్ద మోడల్ చూసుకోండి.