పాత కారులో పాట ఆగిపోతుంటే: అతుకు వేయాలా, కొత్త లైను లాగాలా, సెట్టే మార్చాలా?

సౌండు పెంచగానే కారులో పాటల సెట్టు ఆగిపోయి మళ్లీ తనంతట తనే వెలుగుతోందనుకోండి. కోనసీమలో ఏ షెడ్డుకి తీసుకెళ్లినా ముందు వినబడే మాట ఒకటే: "ఆయ్, సెట్టు పోయిందండీ, మార్చేద్దామండీ." నిజానికి సెట్టు పోవడం తక్కువ. పోయేది దాని వెనకాల ఉన్న వైర్లు. కాబట్టి మూడు దారుల్లో సెట్టు మార్చే దారిని ముందే పక్కన పెట్టేస్తున్నాను. పాత క్యాసెట్టు సెట్టు లాగే కరెంటు కంటే కొత్త టచ్‌స్క్రీన్ సెట్టు లాగేది ఎక్కువ. బలహీనమైన లైనుకి పెద్ద సెట్టు తగిలిస్తే జబ్బు ముదురుతుంది తప్ప తగ్గదు. పెట్టె మీద 50 వాట్లు ఇంటూ 4 అని వేస్తారు గానీ చాలా సెట్ల వెనకాల ఉండేది 10 ఆంపియర్ల ఫ్యూజే. 14 వోల్టులతో గుణిస్తే 140 వాట్లు దాటదు, అందులోనూ కొంత వేడికే పోతుంది. ఆ 200 వాట్లు ఎక్కడి నుంచి వస్తాయో అమ్మేవాళ్లనే అడగాలి.

ఇక మిగిలింది అతుకా, కొత్త లైనా అన్నది.

మారుతీ 800 తయారీ 2014లోనే ఆగిపోయింది. ఇప్పుడు తిరుగుతున్నవాటిలో చాలా బండ్లకి సెట్టు కంపెనీ నుంచి రాలేదు, బయట షాపులో పెట్టించుకున్నవే. అంటే ఏ బండి వైరింగ్ ఆ బండిదే. సెట్టు బయటికి లాగి చూడండి: మెలిపెట్టి టేపు చుట్టిన జాయింట్లు, ఎండకి టేపు జిగురు కరిగి వేళ్లకి అంటుకుంటుంది, అది విప్పితే రాగి పోగుల మీద పచ్చటి చిలుము. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలి తగిలే బండ్లలో చిలుము వైరు తొడుగు లోపలికి కూడా పాకుతుంది. వరదకి కార్పెట్టు కింద నీళ్లు చేరిన బండయితే అసలు చెప్పక్కర్లేదు. చేలగట్టున పెట్టిన కార్లలో ఎలకల పని వేరే.

ఇలాంటి వైరుని మీటరుతో చూస్తే మోసపోతాం. పది పోగుల్లో ఒక్కటే మిగిలినా మీటరు 12 వోల్టులు చూపిస్తుంది, ఎందుకంటే మీటరు కరెంటు లాగదు. దానికంటే పాత హెడ్‌లైట్ బల్బు మేలు. 55 వాట్ల ఫిలమెంటు నాలుగున్నర ఆంపియర్ల దాకా లాగుతుంది. సెట్టు విప్పేసి ఆ బల్బుని పసుపు వైరుకీ (బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు తెచ్చేది) నల్ల వైరుకీ (కరెంటుని బండి బాడీకి తిరిగి పంపే ఎర్త్) మధ్య పెట్టండి. తెల్లగా వెలిగితే లైను బాగున్నట్టే. ఎర్రగా మినుకుమంటే లోపం దొరికినట్టే. అప్పుడు నల్ల వైరుకి పెట్టిన బల్బు కొసని తీసి, బండి బాడీ మీద పెయింటు గీకి అక్కడ తగిలించండి. వెలుగు పెరిగితే పాపం ఎర్త్‌ది, పెరగకపోతే పసుపు లైనుది. ఎర్ర వైరు మీద ఈ బల్బు పెట్టొద్దు. అది తాళం తిప్పాక సెట్టుని లేపడానికే గానీ బరువు మోయడానికి కాదు.

బల్బు లేకపోతే ఇంకో చిట్కా ఉంది. సెట్టు పాడుతుండగా వెనకాల ఏంటెన్నా పిన్ను పీకండి. మొత్తం ఆగిపోయిందంటే నల్ల వైరు ఎప్పుడో తెగింది, ఇన్నాళ్లూ సెట్టు ఏంటెన్నా తొడుగు మీదుగా ఎర్త్ తీసుకుంటోంది. ఇంజను వేగంతో పాటు స్పీకర్లో కూత పెరుగుతుంటే కూడా నా అనుమానం ముందు ఎర్త్ మీదికే పోతుంది.

ఎర్త్‌కి అతుకు వద్దు, కొత్తదే వేయండి. డ్యాష్‌బోర్డు స్క్రూకి కాకుండా బాడీ ఇనుము మీద పెయింటు గీకి, వైరు కొసకి లగ్గు (బోల్టుకి పట్టే రింగు) వేసి, బోల్టు బిగించి, పైన కాస్త గ్రీజు పూయాలి. మూరెడు వైరుతో పని అయిపోతుంది. చాలా బండ్లకి మందు ఇంతే.

పసుపు లైను సంగతి అలా కాదు. లోపం జాయింటు దగ్గరే ఉంటే చిలుము పట్టినంత మేరా కోసేసి, మెరిసే రాగి కనబడ్డాక సోల్డరింగ్ చేసి, వేడికి ముడుచుకునే జిగురు స్లీవ్ తొడిగితే చాలు. టేపు మాత్రం మన గాలికి నిలవదు. కానీ ఫ్యూజు పెట్టె నుంచి వచ్చే పొడవంతా వైరు నల్లబడిపోయి ఉంటే దాన్ని ఒక్కోచోట అతకడం దండగ. బ్యాటరీ నుంచి 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు ఒకటి లాగి, బ్యాటరీకి జానెడు లోపలే ఫ్యూజు పెట్టాలి. ఈ జానెడు మాటే షెడ్లలో ఎక్కువగా వదిలేస్తారు. ఫ్యూజు సెట్టు దగ్గర మాత్రమే ఉంటే, ఇంజను గోడ రంధ్రం దగ్గర వైరు ఒరుసుకున్న రోజు మంటని ఆపేది ఏదీ ఉండదు. ఆ రంధ్రంలో రబ్బరు బుష్ తప్పనిసరి. ఫ్యూజు కొట్టేస్తోందని సిగరెట్టు పెట్టెలో వెండి కాగితం చుట్టేవాళ్లున్నారు. వాళ్లకి బండి అప్పగించకండి.

అయితే ఎర్ర వైరుని కూడా ఆ కొత్త లైనుకే కలిపేయడం పెద్ద పొరపాటు. సెట్టు ఎప్పుడూ మెలకువగానే ఉంటుంది, బ్యాటరీ దిగిపోతుంది. కొత్త లైనులో సగానికే నా ఓటు అని అందుకే అంటాను: పసుపు బ్యాటరీకి, ఎర్ర తాళానికే. తిరగేసి రెండింటినీ తాళానికి కలిపితే బండి ఆపిన ప్రతిసారీ టైమూ, స్టేషన్లూ చెరిగిపోతాయి. అది కూడా చాలామంది సెట్టు లోపమే అనుకుంటారు.

స్పీకర్ వైర్ల గురించి ఒక్క మాట. బాగా పాత బండ్లలో స్పీకర్ల మైనస్‌లన్నీ కలిపి బాడీకి కొట్టేసి ఉంటాయి. ఇప్పటి సెట్లకి అలా పెడితే ప్రొటెక్షన్‌లోకి పోతాయి, అంటే తమని తాము కాపాడుకోడానికి ఆగిపోతాయి, ఒక్కోసారి లోపలి ఐసీ (చిప్పు) కాలిపోతుంది. ఇక్కడ మాత్రం అతుకు మాట మర్చిపోయి, ప్రతి స్పీకరుకీ రెండేసి వైర్లు కొత్తగా లాగించడమే మేలు.

హైదరాబాదులో ఉంటూ సంక్రాంతికి మాత్రమే ఊళ్లో కారు తీసేవాళ్లకి ఇంకో లెక్క. ఆపిన బండిలో సెట్టు 50 మిల్లీ ఆంపియర్లు లాగినా రోజుకి 1.2 ఆంపియర్ అవర్లు పోతాయి. 800లో ఉండే చిన్న బ్యాటరీ 35 ఆంపియర్ అవర్లది అనుకుంటే రెండు వారాలకే సగం ఖాళీ, ఆపైన సెల్ఫ్ తిరగడం కష్టం. బ్యాటరీ దగ్గర కొత్తగా పెట్టించిన ఫ్యూజుని ఊరు వదిలే రోజు పీకి డ్యాష్‌బోర్డు అరలో పడేసి వెళ్లండి.