పాంథియన్ రోడ్డులో కట్టడాల నడక: గోడ దగ్గర ఆపేవాళ్లతోనే వెళ్లండి

ఆగస్టు 22 దగ్గర పడుతోందంటే చెన్నైలో పాత కట్టడాల నడకలు ఊపందుకుంటాయి. 1639లో ఆ తేదీన ఈ నేల ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చిందన్న లెక్కతో 2004 నుంచి మద్రాస్ దినోత్సవం జరుపుతున్నారు. నేల ఇచ్చింది తెలుగువాడైన దామెర్ల వెంకటాద్రి నాయకుడు. ఆయన తండ్రి చెన్నప్ప నాయకుడి పేరు మీదే చెన్నపట్నం అయిందంటారు. కాబట్టి ఇక్కడి తెలుగువాళ్లు ఈ నడకలకు చుట్టపుచూపుగా కాక, ఇంటివాళ్లలా వెళ్లాలి.

కోట, జార్జ్‌టౌన్, మైలాపూరు నడకలు అన్నీ బాగానే ఉంటాయి. ఒక్కదానికే తీరిక ఉంటే మాత్రం పాంథియన్ రోడ్డులోని ఎగ్మూరు మ్యూజియం ఆవరణకే మా ఓటు. ఒకే ప్రహరీలో హెన్రీ ఇర్విన్ గీసిన రెండు కట్టడాలు చూడొచ్చు: 1896లో తెరిచిన కన్నెమరా గ్రంథాలయం, 1909లో తెరిచిన విక్టోరియా మెమోరియల్ హాలు. ఈ రెండోదే తర్వాత నేషనల్ ఆర్ట్ గ్యాలరీ అయింది. మద్రాసు హైకోర్టు రూపం తేల్చినవాడూ, సిమ్లాలో వైస్రాయ్ భవనం, మైసూరు అంబావిలాస్ ప్యాలెస్ గీసినవాడూ ఈ ఇర్విన్ గారే. ఆయనది ఐర్లండ్. కన్నెమరా పేరు కూడా అక్కడి నుంచే వచ్చింది. 1886 నుంచి 1890 దాకా గవర్నరుగా ఉన్న లార్డ్ కన్నెమరా బిరుదులో ఉన్నది ఐర్లండ్ పడమటి తీరపు సీమ పేరు.

ఐర్లండ్ మాట వచ్చింది కాబట్టి, ఇలాంటి నడకలను ఏ కొలతతో కొలవాలో కూడా అక్కడి నుంచే తెచ్చుకుందాం. డబ్లిన్‌లో 1957లో కిల్డేర్ ప్లేస్‌లోని 18వ శతాబ్దపు ఇళ్లను కూలగొట్టడం చూసి కడుపు మండిన డెస్మండ్ గిన్నెస్, మరిగా గిన్నెస్ దంపతులు మరుసటి ఏడాది పాత కట్టడాలను కాపాడే ఐరిష్ జార్జియన్ సొసైటీ పెట్టారు. ఉపన్యాసాలు, నడకలు, అధ్యయన యాత్రలు, సంప్రదాయ నిర్మాణ పనుల ప్రదర్శనలు వాళ్ల కార్యక్రమాలు. వీటన్నిటి చివరా మరమ్మతు పని ఒకటి ఉంటుంది. డబ్లిన్ దగ్గరి కాసిల్‌టౌన్ ఎస్టేటు కోసం 1740లో కట్టిన కనోలీస్ ఫాలీ అనే రాతి స్తంభం పాడుబడితే 1960లలో నిలబెట్టింది ఆ సొసైటీయే. కాసిల్‌టౌన్ భవనం పరాయివాళ్ల చేతుల్లో శిథిలమవుతుంటే 1967లో డెస్మండ్ గిన్నెస్ దాన్ని కొనేశారు. ఇప్పుడు సొసైటీ ఉంటున్న సిటీ అసెంబ్లీ హౌస్ 1766–71 మధ్య చిత్రకారులు తమ ప్రదర్శనల కోసం కట్టుకున్నది. దాని ఎనిమిది మూలల గదిని బాగుచేయించిందీ వీళ్లే. ఇంటికొచ్చాక కూడా ఆ గోడకు ఏమవుతుందోనన్న బెంగ మిగలాలి. అలా మిగిల్చిన నడకే మా దృష్టిలో మంచి నడక.

ఈ కొలతతో చూస్తే మన నడకలు చాలామటుకు సగంలోనే ఆగిపోతున్నాయి. గవర్నర్ల పేర్లు, ప్రారంభోత్సవాల తేదీలు, ఎవరు ఎవరిని పెళ్లాడారు లాంటివి ధారాళంగా చెబుతారు. గోడ దేనితో కట్టారో అడిగితే మాత్రం మాట దాటేస్తారు.

ఆర్ట్ గ్యాలరీనే తీసుకోండి. ముఖద్వారం ఫతేపూర్ సిక్రీ బులంద్ దర్వాజా తీరులో ఉంటుందని అందరూ చెబుతారు. కట్టిన మేస్త్రీ తాటికొండ నంబెరుమాళ్ చెట్టి అని కొందరు చెబుతారు. ఎదుట కనిపించే ఆ గులాబీ రంగు ఇసుకరాయి మన సత్యవేడుది. ఆ మాట చెప్పేవాళ్లు తక్కువ. మూరెడు దూరంలో నిలబడి చూడండి, ఇసుకరాయిలో పొరలు పేజీల్లా కనిపిస్తాయి. గనిలో పడుకున్న తీరులోనే గోడలోనూ పడుకోబెడితే పైబరువు పొరలను అదిమి పట్టుకుంటుంది. అదే రాయిని నిలువుగా తిప్పి పెడితే నీళ్లు పొరల మధ్యకు దిగుతాయి, ముఖం రేకులు రేకులుగా ఊడుతుంది. ఈ తేడా చూపించడానికి గైడుకు పట్టేది రెండే నిమిషాలు. ఆ రెండు నిమిషాలు ఆగారంటే ఆ గైడును వదలకండి.

గైడు ఆగి చూపించాల్సినవాటిలో రెండోది కప్పు. చెన్నై పాత ఇళ్ల మిద్దెలను మద్రాస్ టెర్రస్ అంటారు. దాదాపు అడుగున్నర దూరంలో టేకు దూలాలు వేస్తారు. వాటి మీద పలుచటి చిన్న ఇటుకలను పక్క అంచు మీద నిలబెట్టి, గది మూల నుంచి ఐమూలగా, డంగు సున్నంతో అతుకుతూ పోతారు. కింద చెక్క దన్ను లేకుండానే వరస మీద వరస నిలబడటం ఇందులోని చమత్కారం. ఆ పైన ఇటుక ముక్కలు, సున్నం కలిపి మూడు నాలుగు అంగుళాలు పరిచి, కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు చల్లుతూ చెక్క బద్దలతో రోజుల తరబడి కొడతారు. చివరికి సున్నంలో పెంకులు పరుస్తారు. గది లోపల తలెత్తితే దూలాల మధ్య ఇటుకల ఏటవాలు గీతలు కనిపిస్తాయి. పైన సున్నం పూసి ఉంటే తెలియదు.

ఈ కప్పు పాడయ్యేది నడిమధ్యలో కాదు, అంచున. వాననీటి తూములో ఆకులు అడ్డం పడి నీరు నిలిస్తే, గోడలో దిగిన దూలం కొస ముందు చెమ్మెక్కుతుంది, తర్వాత చెదలు పడుతుంది. కారుతోందని పైన సిమెంటు పోయిస్తే బరువు పెరుగుతుంది, లోపలి తేమ బయటికి రాదు. గోడల సంగతీ అంతే. సున్నం గోడ తేమ పీల్చి మళ్లీ గాలికి వదులుతుంది. పైన సిమెంటు పూత వేస్తే ఆ దారి మూసుకుపోయి, లవణాలు పూత వెనక పోగుపడి, మోకాలెత్తున పెచ్చులూడతాయి. ఇదే ఆవరణలో ఉన్న అమరావతి శిల్పాల కథ వింటే మన మనసు ఇంకా బరువెక్కుతుంది. 19వ శతాబ్దంలో ఆ సున్నపురాతి పలకలను తెచ్చి మ్యూజియం గోడల్లో సిమెంటుతో బిగించారు. అలా చేయడం తప్పని ఆనాడే అభ్యంతరాలు వచ్చాయి. కృష్ణ ఒడ్డు నుంచి వచ్చిన ఆ పద్మాల ముందు పావుగంటైనా కేటాయించని నడకకు మేము మార్కులు తగ్గిస్తాం.

కన్నెమరా పాత హాలు ఈ నడకకు ప్రాణం: చెక్కిన టేకు అల్మారాలు, కమాను కప్పు, రంగుటద్దాల గుండా దిగే వెలుతురు. అయితే ఆ హాలులోకి ఎప్పుడు పడితే అప్పుడు పోనివ్వరు. కొత్త భవనం వరకే చూపించి, పాతదాన్ని బయటి నుంచి వేలు పెట్టి చూపే నడకలు ఉన్నాయి. డబ్బు కట్టకముందే పాత హాలుకు అనుమతి తీసుకున్నారా అని అడగండి, లేదంటే సగం నడక పోయినట్టే. ఆర్ట్ గ్యాలరీ లోపలికి ప్రవేశం విషయం కూడా అప్పుడే తేల్చుకోండి.

ఇంకో పెద్ద లోపం గుంపు. ఇరవై మందికి మించితే వెనకవాళ్లకు మాట వినబడదు, గైడు మైకు పడితే రోడ్డు హారన్లతో పోటీ తప్ప ఏమీ మిగలదు. నడకలు ఎక్కువగా ఇంగ్లీషులో, తమిళంలో జరుగుతాయి. తెలుగు మాట్లాడే పదిహేను మంది కలిసి ముందే అడిగితే విడిగా ఏర్పాటు చేసేవాళ్లు దొరుకుతారు, పిల్లలను తీసుకెళ్లేవాళ్లకు అదే మేలు.

బయటి గోడలు చూడటానికి ఉదయం ఆరున్నరకు మొదలుపెట్టండి. ఏటవాలు ఎండలో పెచ్చులు, పగుళ్లు, రాతి పొరలు బాగా తెలుస్తాయి, తొమ్మిది దాటితే చదునుగా కనిపిస్తాయి. లోపలి భాగానికి తలుపులు తెరిచేదాకా ఆగాలి, కాబట్టి మధ్యలో టిఫినుకు విరామం ఉన్న నడకే నయం. ఎగ్మూరు స్టేషన్ నుంచి నడిచి రావచ్చు. 1908లో తెరిచిన ఆ స్టేషన్ కూడా ఇర్విన్ చేతిదే కనుక, దారిలో దాని గుమ్మటాలు, ఎర్ర ఇటుకల మధ్య తెల్లటి పట్టీలు చూసుకుంటూ వస్తే నడక అక్కడే మొదలైనట్టు. రంగుటద్దాల కోసం చిన్న బైనాక్యులర్, మూలల్లో చీకటి కోసం టార్చి, నీళ్ల సీసా ఉంటే చాలు. గోడ మీద తేమ ఉందో లేదో చూడాలనుకుంటే అరచేయి వెనక భాగం దగ్గరగా పెట్టండి, చల్లదనం తెలుస్తుంది. గీరడం, తట్టడం వద్దు.